అంతర్జాలంలో గణిత వనరులు, తెలుగు శాస్త్రభాష: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

గణిత బోధనకు పనికివచ్చే అంతర్జాల వనరుల ప్రస్తావన వచ్చినప్పుడు ఆ చర్చను గణితోపాధ్యాయులకు, విద్యాశాస్త్ర నిపుణులకు విడిచిపెట్టడం తెలుగు శాఖల్లో పరిపాటి. వనరు ఉచితంగా దొరుకుతుందా, సెల్‌ఫోనులో పనిచేస్తుందా, పాఠ్యప్రణాళికకు సరిపోతుందా అన్నవి వారు వేసే ప్రశ్నలు. అవి అవసరమైనవే. అయితే ఆ వనరులు ఏ తెలుగులో మాట్లాడుతున్నాయి, వాటిలోని పారిభాషిక పదాలు విద్యార్థి చేతిలోని పుస్తకంతో పొసగుతున్నాయా, తెలుగు వాఙ్మయంలో ఇదివరకే ఉన్న గణితాన్ని వాటితో పరిశీలించగలమా అన్న ప్రశ్నలు భాషాసాహిత్య పరిశోధకులు వేయవలసినవి. ప్రస్తుత వ్యాసం ఈ ప్రశ్నల వెంట సాగుతుంది. వనరులన్నింటికీ పట్టిక కూర్చడం దీని ఉద్దేశం కాదు. అటువంటి పట్టికలు కావలసినన్ని ఉన్నాయి, వాటిలో సగం ఏడాది తిరగకముందే పాతబడతాయి కూడా.

పావులూరి మల్లన చూపిన కొలమానం

తెలుగులో గణితాన్ని చెప్పడం కొత్త విషయం కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. గ్రంథకర్త రాజరాజనరేంద్రుని కాలంవాడా, లేక ఆ మల్లనకు మనుమడైన మరొక మల్లనా అన్న వివాదం సాహిత్య చరిత్రకారుల మధ్య ఉన్నదే. దానిలోకి వెళ్లడం ఇక్కడ అప్రస్తుతం. మనకు కావలసింది అనువాద పద్ధతి. మూలకర్త జైనుడు. అతని లెక్కల్లో జైన సంబంధమైన ఉదాహరణలు ఉంటాయి. మల్లన వాటి స్థానంలో శైవ సంబంధమైన వాటిని నిలిపాడు. లెక్క అదే ఉండగా లెక్కలోని లోకం మారింది. పాఠకుడికి ఎరుకైన గుడి, ఎరుకైన పూజ, ఎరుకైన పువ్వుల పంపకం వచ్చి చేరాయి.

ఈ నిర్ణయాన్ని కేవలం మతాభిమానంగా చదవడం సరికాదని నా అభిప్రాయం. లెక్కను అర్థం చేసుకోవడానికి ముందు లెక్క చెప్పిన సందర్భం అర్థం కావాలి. సందర్భమే పరాయిదైతే విద్యార్థి శక్తిలో కొంత దానిని ఊహించుకోవడానికే ఖర్చవుతుంది. అమెరికాలో పుట్టిన పాఠాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు ఈ చిక్కు స్పష్టంగా ఎదురవుతుంది. అక్కడి నాణేల లెక్కలో 'క్వార్టర్' వస్తుంది. దానిని 'పావు డాలరు' అని మార్చితే మాట తెలుగైంది గాని వస్తువు తెలుగు కాలేదు. 'పావలా' అనవచ్చు. ఆ నాణెం 2011లో చెలామణి నుంచి తొలగిపోయినా మాట మాత్రం నోళ్లలో నిలిచే ఉంది. భిన్నాలు చెప్పడానికి పిజ్జా ముక్కలే అక్కరలేదు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్న కొలతల్లో సగమూ, పావూ ఉన్నాయి. పావులో పావు వీసం. తెలుగు భిన్నలేఖనం నాలుగు మూలంగా నడిచిందనడానికి సాక్ష్యం కూడా అంతర్జాలంలోనే ఉంది. యూనికోడ్ ప్రమాణంలో 2008లో వెలువడిన 5.1 కూర్పు తెలుగు భిన్నాంకాలకు ఏడు సంకేతాలు చేర్చింది. ఆ సంకేతాల పట్టిక గణిత తరగతికీ, లిపి చరిత్ర తరగతికీ ఒకేసారి పనికివస్తుంది. దానిని గణిత వనరుగా పేర్కొనాలని ఎవరికీ తోచకపోవడం విచిత్రం.

బొమ్మ చూపేది, మాట చెప్పవలసింది

నేటి వనరుల్లో నిస్సందేహంగా గొప్పవి బొమ్మతో పనిచేసేవి. మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ప్రారంభించిన జియోజీబ్రా రేఖాగణితాన్నీ బీజగణితాన్నీ ఒకే తెర మీదికి తెచ్చింది. డెస్మాస్ గ్రాఫుల గణకయంత్రం సమీకరణం రాసిన మరుక్షణమే వక్రరేఖను చూపుతుంది. గ్రాంట్ శాండర్సన్ 2015 నుంచి 'త్రీబ్లూవన్‌బ్రౌన్' పేరుతో రూపొందిస్తున్న చలనచిత్ర పాఠాలు, వాటి కోసం ఆయన పైథాన్‌లో రాసుకొని అందరికీ విడుదల చేసిన 'మానిమ్' అనే ఉపకరణం ఈ కోవలో మరో మెట్టు.

ఇవి ఏం చేస్తాయో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక వృత్తం గీసి, దాని వ్యాసం మీద త్రిభుజం నిర్మించి, మూడో శీర్షాన్ని వృత్తం వెంట జరుపుతూ పోతే అక్కడి కోణం తొంభై డిగ్రీల దగ్గర కదలకుండా నిలుస్తుంది. నల్లబల్ల మీద పది బొమ్మలు గీసినా కలగని నమ్మకం ఒక్క కదలికతో కలుగుతుంది. సమీకరణంలో ఒక విలువను మార్చగానే సరళరేఖ నిటారవడం, వాలిపోవడం చూసిన విద్యార్థికి 'వాలు' అన్న పారిభాషిక పదానికి వేరే నిర్వచనం చెప్పనవసరం లేదు. ఆ పదం చూసినదాన్నే చెబుతుంది. మన పరిభాషలో ఇంత పారదర్శకమైన మాటలు తక్కువ. ఉన్న కొద్దివాటికి ఈ ఉపకరణాలు ప్రాణం పోస్తాయి.

అయితే నమ్మకం వేరు, ఉపపత్తి వేరు. తెర మీద కోణం తొంభైగా కనిపించడం కంప్యూటరు చేసిన కొలత మాత్రమే. ఎందుకు తొంభై అన్న ప్రశ్నకు జవాబు కేంద్రం నుంచి శీర్షానికి వ్యాసార్ధాన్ని గీసి, ఏర్పడిన రెండు సమద్విబాహు త్రిభుజాల కోణాలను కూడితే గాని రాదు. ఆ కూడిక భాషలో జరుగుతుంది. 'కాబట్టి', 'అయితే', 'అయితేనే', 'ఏదైనా ఒక' వంటి మాటలు అక్కడ బరువు మోస్తాయి. తెలుగు అకాడమి పుస్తకాల్లో 'అయితే, అయితేనే' అన్న జంటప్రయోగం ద్విముఖ నియమాన్ని ఎంత క్లుప్తంగా చెబుతుందో గమనించదగినది. క్రియ చివర వచ్చే మన వాక్యంలో షరతు ముందు, ఫలితం వెనుక సహజంగా అమరుతాయి. ఇంగ్లీషు వాక్యక్రమాన్ని అనుసరించి గళం మార్చిన దృశ్యపాఠాల్లో ఈ సౌలభ్యం పోతుంది. ఫలితం ముందు వినిపించి, షరతు తోకలా వెనుక వేలాడుతుంది. బొమ్మ ఎంత బాగున్నా వాక్యం కుంటితే తర్కం కుంటుతుంది.

ఇక్కడ మరొక విషయం చెప్పాలి. తెలుగు మాధ్యమ తరగతుల్లో ఉపాధ్యాయులు 'ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్' అంటూనే మిగతా వాక్యాన్ని తెలుగులో నడుపుతారు. దీనిని సంకరభాషగా నిరసించేవారున్నారు. నా దృష్టిలో అది అనుభవంతో ఏర్పడిన ఒక బోధనాశైలి. సంకేతానికి ఇంగ్లీషు, సంబంధానికి తెలుగు అన్న పని విభజన అందులో ఉంది. సంకేతాలను కూడా గ్రాంథికం చేసి చదివే పాఠం విన్నప్పుడు విద్యార్థి తన ఉపాధ్యాయుడి గొంతును గుర్తుపట్టలేడు.

ఒక్క అక్షరం తేడా

పారిభాషిక పదాల విషయానికి వస్తే సమస్య మరింత సూక్ష్మం. రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా రాయగలిగిన సంఖ్యను మన పాఠ్యపుస్తకాలు 'అకరణీయ సంఖ్య' అంటాయి. అలా రాయలేని రెండు వర్గమూలం వంటిది 'కరణీయ సంఖ్య'. కరణి అంటే పూర్తిగా తెగని మూలం. కరణికి సంబంధించినది కరణీయం, కానిది అకరణీయం. ఇంగ్లీషులో నిషేధార్థక ఉపసర్గ ఉన్నది రెండో రకానికి. హిందీలోనూ అంతే. అక్కడ మొదటిది 'పరిమేయ', రెండోది 'అపరిమేయ'. తెలుగు పరిభాష ఈ రెండింటికీ ఎదురుదిశలో నడుస్తోంది. ఇది తప్పు కాదు. ఇంగ్లీషు నిష్పత్తి వైపు నుంచి చూసి పేరు పెట్టింది, తెలుగు మూలం వైపు నుంచి చూసి పెట్టింది. కాని ఇంగ్లీషు నుంచో హిందీ నుంచో మాటకు మాట మార్చే అనువాదకుడు, అతడు మనిషైనా యంత్రమైనా, 'అ' అనే ఉపసర్గను అలవాటు ప్రకారం రెండో రకానికి తగిలిస్తే ఏమవుతుంది? రెండు వర్గమూలం కరణీయ సంఖ్య అని నిరూపించమనడం పదో తరగతి గణితంలో ప్రసిద్ధమైన ప్రశ్న. ఒక్క అక్షరం చేరగానే అది అసత్యాన్ని నిరూపించమనే ప్రశ్నగా మారుతుంది. పిల్లవాడు తనకే అర్థం కాలేదనుకుంటాడు. పాఠం తప్పుపట్టే ధైర్యం ఆ వయసులో ఎందరికి ఉంటుంది?

'ప్రమేయం' మరొక ఉచ్చు. తెలుగులో అది ఒక సమితిలోని ప్రతి మూలకానికి మరొక సమితిలో ఒకే మూలకాన్ని జతపరిచే సంబంధం. హిందీలో 'ప్రమేయ' అంటే మనం సిద్ధాంతం అనేది. మన ప్రమేయాన్ని హిందీ 'ఫలన్' అంటుంది. రెండు భాషలూ సంస్కృతం నుంచే తెచ్చుకున్నాయి కాబట్టి పదాలు ఒకటేనని భావించి హిందీ పాఠం నుంచి తెలుగు పాఠం తయారుచేస్తే, పదం అక్షరాలా సరిగానే ఉండి అర్థం పూర్తిగా తప్పుతుంది. తత్సమం మీద మనకున్న భరోసా ఇక్కడ మోసం చేస్తుంది. జాతీయ స్థాయి వనరులను భారతీయ భాషల్లోకి మార్చేటప్పుడు ఈ ప్రమాదాన్ని పట్టుకోగలవాడు గణితం తెలిసిన తెలుగువాడు, లేదా తెలుగు పరిభాషా చరిత్ర తెలిసిన గణితాభిమాని. ఈ రెండో రకం వ్యక్తులను తయారుచేసే బాధ్యత తెలుగు శాఖలది కాకపోతే మరెవరిది?

2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన దీక్ష వేదిక, పాఠ్యపుస్తకాల్లో ముద్రించిన క్యూఆర్ కోడుల ద్వారా పాఠాన్ని సెల్‌ఫోనుకు చేర్చింది. నేను చూసిన తెలుగు గణిత పాఠాల్లో పరిభాష పుస్తకానికి కట్టుబడి ఉండటం మెచ్చుకోవలసిన గుణం. కాని వాటిలో చాలావరకు ఉపాధ్యాయుడు చెబితే విద్యార్థి వినే పాఠాలు. పరిశీలించి తానే కనుక్కొనే అవకాశం తక్కువ. భాష బాగున్న చోట అన్వేషణ లేదు, అన్వేషణ ఉన్న చోట భాష లేదు అన్నది ఇప్పటి పరిస్థితి. ఈ నేపథ్యంలో రెండు రాష్ట్రాల్లోనూ వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు, అంటే ఒక పుట తెలుగు, దాని ఎదురు పుట ఇంగ్లీషుగా ఉన్నవి, నాకు అన్నింటికంటే విలువైన వనరుగా తోస్తాయి. అవి వాక్యానికి వాక్యం ఎదురెదురుగా నిలిపిన సమాంతర పాఠాలు. పరిభాషా పరిశోధకుడికి అంతకంటే మంచి ఆకరం లేదు. అయితే అక్షరాల వెనుక యూనికోడ్ లేనప్పుడు ఆ ఆకరం మూసిన పెట్టె అవుతుంది. తెలుగు ముద్రణలో చాలాకాలంగా వాడుకలో ఉన్న యూనికోడేతర ఫాంటులతో కూర్చిన పీడీఎఫ్‌లో 'కరణీయ' అని వెతికితే ఏమీ దొరకదు, నకలు తీసి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి సిద్ధం చేసిన పరిభాషా సంపద వెతకడానికి వీలైన రూపంలో అందరికీ అందనంతవరకు, ప్రతి అనువాదకుడూ మళ్లీ మొదటి నుంచి పదాలు పుట్టించుకుంటూనే ఉంటాడు.

ఛందస్సు అనే పరీక్ష

మూడో ప్రశ్న, తెలుగు వాఙ్మయంలోని గణితాన్ని ఈ వనరులతో పరిశీలించగలమా అన్నది. దీనికి ఛందస్సు కంటే మంచి పరీక్ష లేదు. తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఉత్పలమాల ఇరవై అక్షరాల కృతి ఛందస్సులో 355799వ వృత్తమని పరీక్ష కోసం కంఠస్థం చేస్తాడు. చంపకమాల ఇరవైయొక్క అక్షరాల ప్రకృతి ఛందస్సులో 711600వది. ఈ సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో తరగతిలో చెప్పడం అరుదు. షట్ప్రత్యయాల పేర్లు చెప్పి ముందుకు సాగుతాం.

నిజానికి ఇది రెండు మూలంగా గల సంఖ్యామానం. ప్రస్తారంలో మొదటి వృత్తం సర్వగురువు. గురువుకు సున్న, లఘువుకు ఒకటి వేసి, మొదటి అక్షరం విలువ ఒకటి, రెండో దాని విలువ రెండు, మూడో దాని విలువ నాలుగు అని రెట్టిస్తూ పోయి, లఘువులున్న స్థానాల విలువలను కూడి ఒకటి చేర్చితే వృత్తసంఖ్య వస్తుంది. ఉత్పలమాలలో భ ర న భ భ ర వ గణాల ప్రకారం లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాల్లో ఉంటాయి. వాటి విలువల మొత్తం 355798, ఒకటి చేర్చితే 355799. ఇది ఉద్దిష్టం. వెనక్కి నడిస్తే నష్టం. సంఖ్య బేసి అయితే గురువు రాసి ఒకటి కలిపి సగం చేయాలి, సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. 355799 బేసి, గురువు. 177900 సరి, లఘువు. 88950 సరి, లఘువు. 44475 బేసి, గురువు. భగణం పూర్తయి రగణం మొదలైంది. ఇలా ఇరవై అడుగులు.

ఈ పనిని గూగుల్ షీట్స్ వంటి ఉచిత లెక్కల పట్టికలో 'బేస్' అనే సూత్రంతో చేయవచ్చు. 355798ని రెండు మూలంలో ఇరవై స్థానాలతో రాయమంటే 01010110110111010110 అని వస్తుంది. దానిని కుడి నుంచి ఎడమకు చదివితే ఉత్పలమాల. దశాంశాన్ని ద్విసంఖ్యగా మార్చడానికి ప్రత్యేకంగా ఉన్న మరో సూత్రం 511 దాటితే పనిచేయదు కాబట్టి అది మన వృత్తాలకు చాలదు. పద్యం ఇస్తే ఛందస్సును గుర్తించే 'ఛందం' వంటి తెలుగు ఉపకరణాలు ఉన్నాయి, అవి ఎంతో శ్రమతో నిర్మించినవి. ఐనా బోధన దృష్ట్యా నేను ముందుగా ఖాళీ పట్టికనే ఎన్నుకుంటాను. జవాబు ఇచ్చే యంత్రం కంటే జవాబును కట్టే బల్ల విద్యార్థికి ఎక్కువ నేర్పుతుంది.

పట్టిక ముందు కూర్చున్నవారికి పుస్తకంలో కనిపించనిది కనిపిస్తుంది. 355799ని రెట్టించి రెండు కలిపితే 711600. ఇది కాకతాళీయం కాదు. ఉత్పలమాలలోని మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల వస్తుందని మనకు తెలుసు. అలా విడగొట్టినప్పుడు మిగతా అక్షరాలన్నీ ఒక స్థానం ముందుకు జరిగి వాటి విలువలు రెట్టింపవుతాయి, కొత్తగా వచ్చిన రెండు లఘువులు ఒకటి, రెండు విలువలను తెస్తాయి. అందుచేత పాత వృత్తసంఖ్యను రెట్టించి రెండు కలపాలి. శార్దూలవిక్రీడితం 149337, మత్తేభవిక్రీడితం 298676. అక్కడా అదే నియమం. నాలుగు సంఖ్యలు కంఠస్థం చేసే చోట రెండు సంఖ్యలు, ఒక కారణం చాలు.

ఇక పూర్ణాంక శ్రేణుల ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వం సంగతి. నీల్ స్లోన్ 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా శ్రేణులను సేకరించడం మొదలుపెట్టాడు. 1973లో అది పుస్తకమైంది, 1996లో అంతర్జాలానికి ఎక్కింది. కొన్ని సంఖ్యలు ఇస్తే అవి ఏ శ్రేణికి చెందవచ్చో చెప్పే నిఘంటువు ఇది. ఇన్ని మాత్రలకు ఎన్ని గురులఘు విన్యాసాలు అన్న లెక్క కట్టి 1, 2, 3, 5, 8, 13 అని అందులో వెతికితే ఎ000045 సంఖ్య గల శ్రేణి, అంటే ఫిబొనాచి శ్రేణి, ఎదురవుతుంది. చివరి అక్షరం లఘువైతే ముందు మిగిలేది ఒక మాత్ర తక్కువ, గురువైతే రెండు మాత్రలు తక్కువ. అందువల్ల ప్రతి సంఖ్యా ముందున్న రెండింటి మొత్తం. ఫిబొనాచి గ్రంథం 1202 నాటిది. విరహాంకుడు, హేమచంద్రుడు అంతకుముందే మాత్రావృత్తాల సందర్భంలో ఈ లెక్క చెప్పారు. ఆ శ్రేణి కింద భారతీయ పండితుల ప్రస్తావన, హేమచంద్రుని పేరు ఉండటం సంతోషించదగిన విషయం.

తెలుగు ఉపగణాలను ఇదే పరీక్షకు పెడితే ఏమవుతుంది? సూర్యగణాలు 2, ఇంద్రగణాలు 6, చంద్రగణాలు 14. రెండును రెట్టిస్తూ పోయి ప్రతిసారీ రెండు తీసివేస్తే వచ్చే శ్రేణి ఇది. తరువాతిది 30. శ్రేణి పేరు, సూత్రం విజ్ఞానసర్వస్వం చెప్పగలదు. మన గణాల సంఖ్య ఆ సూత్రానికి ఎందుకు లోబడిందన్నది మాత్రం లక్షణగ్రంథమే చెప్పాలి. మొదటి అక్షరాన్ని గురువుగా నిలిపి మిగతా అక్షరాలకు ప్రస్తారం వేయాలి. అందులో సర్వగురువును తొలగించాలి. ఇంద్రగణాలకు అలా మిగిలేవి మూడు: త, ర, భ. ఇప్పుడు మొదటి గురువును రెండు లఘువులు చేస్తే సల, నగ, నల. మొత్తం ఆరు. సూర్యగణాలకు ఒకటి నుంచి రెండు, చంద్రగణాలకు ఏడు నుంచి పద్నాలుగు. ఉత్పలమాలను చంపకమాలగా మార్చిన క్రియే ఇక్కడ దేశిగణాలను పుట్టిస్తోంది. సంస్కృత వృత్తాలూ తెలుగు జాతులూ వేర్వేరు అధ్యాయాలుగా చదివే విద్యార్థికి ఈ రెండింటినీ కలిపే దారం గణితంలో దొరుకుతుంది.

ఆ విజ్ఞానసర్వస్వం నమోదైన సభ్యుల నుంచి వివరణలు స్వీకరిస్తుంది, సంపాదకులు పరిశీలించి ప్రచురిస్తారు. తెలుగు ఉపగణాల వ్యుత్పత్తిని రెండు వాక్యాల్లో రాసి పంపడానికి గణితశాఖ అనుమతి అక్కరలేదు. లక్షణగ్రంథాల్లో స్థిరపడిన ఉపగణాలు ఈ మూడు వర్గాలే. ఆ పైన రాగల ముప్పై గణాలను పట్టికలో రాసి, ఎన్నింటికి ఎన్ని మాత్రలో లెక్కకట్టడం ఒక తరగతి గంటకు సరిపోయే పని.